తుపాకిమందు బుడ్డి పుట్టుక: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 8

వస్తువు ఒక రాగి తుపాకిమందు బుడ్డి, అంటే తుపాకిలో పోసే మందును వెంట మోసుకుపోయే పాత్ర. ఇది ఎక్కడ, ఎప్పుడు తయారైందో తేల్చాలి. అడుగున వెడల్పుగా గుండ్రంగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడి, మెడ దగ్గర ఇత్తడి మూతతో ముగుస్తుంది. మూత నడుమ నుంచి ఒక ఇత్తడి గొట్టం నిలబడి ఉంది. గొట్టం పక్కన బొటనవేలితో నొక్కే మీట, మీటను వెనక్కి తన్నే ఉక్కు స్ప్రింగు ఉన్నాయి. గొట్టం కొసతో కలిపి ఎత్తు 20 సెంటీమీటర్లు, వెడల్పు 9.5 సెంటీమీటర్లు, బరువు 310 గ్రాములు. రెండు ముఖాల మీదా ఒకే ఉబ్బెత్తు బొమ్మ ఉంది: కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసిన వేట జంతువులు, వాటి కింద చెవులు వేలాడే ఒక కుక్క, చుట్టూ ఆకుల తీగ. భుజం దగ్గర తాడు కట్టుకోవడానికి రెండు ఉంగరాలు ఉన్నాయి, కానీ అవి ఒకదానికొకటి జోడు కావు.

దీన్ని నాకు అప్పగించినది పాకాల దగ్గరి పల్లెలో ఉండే, వరసకు పెదనాయన అయ్యే పెద్దాయన. "హైదరాలీ దండు మన పక్క దిగినప్పుడు మావాళ్ళ చేతికి వచ్చిందంట నాయనా. మా అబ్బ చెప్తా ఉండేవాడు" అన్నది ఆ ఇంటి కథ. ఆ ఇంట్లోనే ఇంకొక కథ కూడా ఉంది: ఇది చిత్తూరు పాలెగాళ్ళ కాలం నాటిదని, దీని మీది జింక, తీగ మన గుడి స్తంభాల పనితనమేనని. రెండు కథలకూ ఈ నేలలో ఆధారం లేకపోలేదు. హైదరాలీ 1782 డిసెంబరు 7న మరణించింది చిత్తూరుకు దగ్గరలోని నరసింగరాయనిపేట శిబిరంలోనే. పాలెగాళ్ళు ఈస్టిండియా కుంఫిణీ మీద తిరగబడి అణగిపోయింది 1804–05లో. అందువల్ల ఆ కథలను కొట్టిపారేయకుండా, వాటిని పరీక్షకు నిలబెట్టవలసిన రెండు ప్రతిపాదనలుగా తీసుకుంటున్నాను.

పని పద్ధతి గురించి ఒక మాట ముందే రాసుకోవాలి. పాత వస్తువులు అమ్మేవారూ కొనేవారూ సాధారణంగా బొమ్మను చూసి ఊరు చెబుతారు. నా నమ్మకం వేరు. బొమ్మను ఏ ఊరి పనివాడైనా చూసి దించగలడు. మీట, స్ప్రింగు, కొలత గొట్టం, అతుకు వంటివి మాత్రం ఒక కర్మాగారం అలవాట్లను పట్టి ఇస్తాయి. కాబట్టి పనిచేసే భాగాలను నమ్మి, బొమ్మను సాక్షిగా మాత్రమే పిలవాలి.

జూన్ 9

పాత మందుబుడ్డి చేతికి వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసింది లోపల మందు మిగిలి ఉందా అన్నది. తుపాకిమందు పొడిగా ఉన్నంతకాలం నూరేళ్ళు దాటినా చావదు. అటకమీద పడి ఉన్న బుడ్డిని తీసి, అతుకు ఊడిందని కంసాలి పొయ్యి దగ్గరికి పట్టుకుపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చెవి దగ్గర పెట్టి మెల్లగా వంచితే లోపల ఏదో జారుతున్న చప్పుడు వినిపించింది.

మేడ మీద, పొయ్యికీ కరెంటు తీగలకూ దూరంగా, ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పెట్టుకొని, మీట నొక్కి బుడ్డిని నీళ్ళ మీదికి వంచి, గొట్టాన్ని చేత్తో తట్టాను. లోపల గీకడానికి ఇనుప పుల్లను వాడలేదు, వెదురు పుల్లనే వాడాను. ఒక చెంచాకు తక్కువగా నల్లటి పొడి నీళ్ళలోకి రాలింది. ఆ నీటిని గుడ్డతో వడగట్టి, తేట నీటిని పళ్ళెంలో ఎండకు ఉంచితే సాయంత్రానికి అంచుల వెంట సన్నని, పొడవాటి, సూదిమొనల స్ఫటికాలు కట్టాయి. అది సూరేకారం. గుడ్డ మీద మిగిలిన మడ్డిలో బొగ్గు నలుపు, దానిమధ్య గంధకపు పసుపు నలకలు భూతద్దంలో కనిపించాయి. కనుక ఇది అలంకారానికి చేసిన షోకేసు వస్తువు కాదు, నిజంగా మందు మోసిన బుడ్డి.

ఆ పొడి తీరు కూడా గమనించదగ్గది. కర్మాగారంలో చేసిన మందు గింజలు ఒకే పరిమాణంలో, నిగనిగలాడుతూ ఉంటాయి. ఇది మాత్రం కొంత పొడి, కొంత ఉండలు. రోట్లో దంచి జల్లించిన నాటుమందు వాలకం. బుడ్డి ఎక్కడ పుట్టిందో దీనివల్ల తెలియదు గాని, చివరిసారి దీన్ని నింపిన చేయి ఈ చుట్టుపక్కలదేనని అనుకోవడానికి వీలుంది.

జూన్ 12

కానివాటిని పక్కన పెట్టే పని. లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తమ సేకరణల ఫోటోలను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచాయి కాబట్టి ఇల్లు కదలకుండానే ఈ పని చాలావరకు అయింది. మన దేశపు బుడ్లలో పేరుపొందినవి మొగలుల కాలపు ఏనుగుదంతపు బుడ్లు; అవి చిన్నవి, వంపు తిరిగినవి, ఒక జంతువు మరొక జంతువులోనుంచి పుట్టుకొస్తున్నట్టు చెక్కినవి, తుపాకి చెవి దగ్గర పోసే మెత్తని రంజకం (నిప్పు అంటించే మందు) కోసం చేసినవి. గుజరాతు పనివాళ్ళు కొయ్య మీద ముత్యపుచిప్ప పలకలు పొదిగారు. రాజస్థానంలో ఒంటెతోలుతో చేశారు, శంఖాకారంలో ఇత్తడితోనూ చేశారు. పారశీకులు ఉక్కుతోను, కాకసస్ పనివాళ్ళు నల్లగీతలు పొదిగిన వెండితోను, జర్మన్లు చీలిన దుప్పి కొమ్ముతోను చేశారు. వీటిలో ఏ ఒక్కదానికీ మన బుడ్డితో చుట్టరికం లేదు. రెండు రేకు దొప్పలను కలిపి అతికిన ఒళ్ళు, మీటతో మూసుకునే తలుపు, కొలత అంకెలు వేసి తిప్పుకునేటట్టు చేసిన గొట్టం — ఈ మూడూ కలిసి కనిపించేది 19వ శతాబ్దపు పాశ్చాత్య కర్మాగారాల సరుకులోనే.

అయితే ఇంతటితో తేలిందని అనలేం. ఇంగ్లండులోనే కాక ఫ్రాన్సులోనూ అమెరికాలోనూ ఇటువంటివి చేశారు. వాటిని చూసి ఇతరులు నకళ్ళూ తీశారు. మన దేశంలోనే ఈనాటికీ అలంకారం కోసం ఇత్తడితో ఇలాంటివి పోతపోసి అమ్ముతున్నారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

జూన్ 15

సెల్‌ఫోనుకు తగిలించే సన్నని గొట్టపు కెమెరాను, కాలువలూ పైపులూ చూసుకునేందుకు అమ్మే చవక రకాన్ని, తెప్పించాను. మూతను పట్టి ఉంచే చిన్న మరలు నాలుగు. వాటి తలల మీది గాడి సరిగ్గా నడుమన లేదు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క వైపుకు జరిగి ఉంది. ఇవి చేత్తో కోసిన గాడులు. ప్లస్ గుర్తు మరలు ఉండి ఉంటే కథ అక్కడే ముగిసేది, ఎందుకంటే ఆ రకం 1930లకు ముందు మార్కెట్లోకి రాలేదు. ఒక రాత్రంతా కొబ్బరినూనె చుక్క వేసి నాననిస్తేగాని అవి కదలలేదు.

లోపలి దృశ్యం చూడదగ్గది. బయట ఉబ్బెత్తుగా ఉన్న కుక్క లోపలివైపు నుంచి చూస్తే గుంటగా, అంతే స్పష్టంగా, చెవి మడతతో సహా కనిపించింది. గోడ మందం అంతటా ఒకేలా ఉంది. సుత్తి దెబ్బ గానీ, ఉలి మొన గుర్తు గానీ ఒక్కటి లేదు. నగిషీ పనివాడు లక్క మీద రేకు పరచి లోపలినుంచి కొట్టి బొమ్మ లేపితే ఆ దెబ్బలు ఎంత నేర్పరివైనా లోపల కనబడతాయి. పోతపోసినదైతే లోపలి గోడ గరుకుగా, దళసరిగా ఉంటుంది. ఇది ఆ రెండూ కాదు: ఉక్కు అచ్చుల మధ్య రాగి రేకును పెట్టి బరువైన సుత్తెను పైనుంచి వదిలి ఒత్తిన పని.

దీన్ని మరోవిధంగా కూడా సరిచూశాను. కుక్క ముక్కు కొస నుంచి కుందేలు చెవి కొస వరకు వెర్నియర్ క్యాలిపర్స్‌తో కొలిచి, అదే దూరాన్ని రెండవ ముఖం మీద కొలిచాను. పిల్ల ఆకు ఈనె నుంచి పక్షి తోక వరకు, కుక్క తోక నుంచి అంచు వరకు ఇలాగే చూశాను. పరికరం చూపగలిగినంత మేరకు రెండు ముఖాలకూ తేడా రాలేదు. చేత్తో ఒకే బొమ్మను రెండుసార్లు దించిన మనిషి ఎవరూ ఇంత కచ్చితంగా దించలేడు. రెండు దొప్పలూ ఒకే అచ్చు నుంచి ఊడిపడ్డవి. వాటిని కలిపిన అతుకు పక్కల వెంట సన్నని బూడిదరంగు గీతగా సాగుతోంది.

జూన్ 18

ఇవాళ సాక్షిని పిలిచాను, అంటే బొమ్మను. నేను అనుకున్నదానికంటే అది ఎక్కువే మాట్లాడింది.

వేలాడుతున్న దుప్పి కొమ్ములను భూతద్దం కింద లెక్కపెట్టాను. తోమి తోమి కొంత అరిగినా, ఒక్కొక్క కొమ్ముకు ఐదుకు తగ్గని కొనలు స్పష్టంగా ఉన్నాయి, పైన కిరీటంలా విచ్చుకున్నాయి కూడా. మన శేషాచలం అడవుల్లో తిరిగే చుక్కల దుప్పికీ, కణుజుకూ కొమ్ముకు మూడు కొనలే ఉంటాయి. కృష్ణజింక కొమ్ముకు కొనలే లేవు, అది మెలి తిరిగి పోతుంది. ఇన్ని కొనల కొమ్ము ఐరోపా ఎర్రదుప్పిది. పక్కన వేలాడే పొడవు తోక పక్షిని ఇంటివాళ్ళు నెమలి అనుకుంటూ వచ్చారు, కానీ తోకలో కన్నులు లేవు, తలమీద కుచ్చు లేదు, మెడ చుట్టూ పట్టీ ఉంది. ఇది ఇంగ్లండు దొరల వేటల్లో ప్రధానమైన ఫెజెంటు పక్షి. కుక్క సంగతీ అంతే: వేలాడే చెవులు, గుబురు తోక, పక్షిని పసిగట్టి నిలిచిపోయే జాతి ఒడ్డూ పొడవూ. మన వేటకుక్కలు సన్నని నడుము, పొడుగు కాళ్ళ జాతులు.

గుడి స్తంభం మీది తీగతో పోలిక కూడా నిలవదు. మన స్తంభాల లతలో ఒక మెలిక, దాని కడుపులో ఒక పువ్వో హంసో, మళ్ళీ మెలిక. ఇక్కడ ఉన్నవి వంకర అంచుల ఓక్ ఆకులు, నడుమ నడుమ దాని కాయలు. ఇంత చెప్పినా బొమ్మ వల్ల తెలిసేది దాన్ని మొదట గీసినవాడు ఐరోపావాడని మాత్రమే. ఆ ఐరోపావాడు ఇంగ్లండులోని షెఫీల్డులో ఉన్నాడా, పారిస్‌లో ఉన్నాడా అన్నది బొమ్మ చెప్పదు.

జూన్ 22

మూత మీద, గొట్టానికి పక్కగా, ఒకప్పుడు అక్షరాలు ఉన్నాయి. ఏటా ఆయుధపూజకు చింతపండు పులుసు వేసి తోమడంవల్ల అవి దాదాపు చెరిగిపోయాయి. ఇత్తడి మీద చింతపండు తెచ్చే ఆ మెరుపు చూడటానికి ఎంత బాగున్నా, తోమిన ప్రతిసారీ పైపొర కొంత పోతూనే ఉంటుంది. ఈ విషయం ఏ ఇంట చెప్పినా ఎవరూ నొచ్చుకోకుండా వినరు.

గది చీకటి చేసి, సెల్‌ఫోను దీపాన్ని మూతకు దాదాపు సమాంతరంగా పట్టుకొని, ఒక్కొక్క దిక్కు నుంచి ఫోటోలు తీశాను. ఎదురుగా వెలుగు పడితే ఏమీ కనబడని చోట, పక్కవాటుగా పడితే లోతులేని గాడి కూడా నీడ వేస్తుంది. రెండు వరుసల ఇంగ్లీషు పెద్దక్షరాలు తేలాయి. కింది వరుసలో ఎస్, హెచ్, ఈ, ఆ తర్వాత రెండు ఎఫ్‌లు, చివర ఎల్, డి. షెఫీల్డు అని చదవడానికి అది చాలు. పై వరుసే చిక్కు. చివర 'అండ్' గుర్తు, దాని తర్వాత నాలుగక్షరాల మాట, ఆ మాట కొసన ఎస్ ఉన్నాయి. 'సన్' కాదు, 'సన్స్'. దానికి ముందున్న ఇంటిపేరులో రెండే స్పష్టం: నడుమ ఒక అడ్డగీతల అక్షరం, కొసన ఎన్.

ఆ అడ్డగీతల అక్షరం ఎక్స్ అయితే జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్. షెఫీల్డులో మందుబుడ్లు చేసిన మరో పెద్ద కంపెనీ హాక్స్‌లీ. వాళ్ళ పేరులో కె ఉంది. అరిగిన కె, అరిగిన ఎక్స్ చూపుకు దగ్గరగానే ఉంటాయి, తేడా అంతా కె ఎడమ పక్కన నిలువుగా ఉండే గీతలోనే. అందుకని దీపాన్ని సరిగ్గా ఎడమవైపు నుంచి, తర్వాత సరిగ్గా కుడివైపు నుంచి పట్టి చూశాను. నిలువు గాడి ఉంటే ఈ రెండు స్థితుల్లోనూ దాని నీడ అన్నిటికంటే బలంగా పడాలి. పడలేదు. ఏటవాలు గీతలు రెండూ ఒకదాన్ని ఒకటి దాటిపోయిన చోట నాలుగు వైపులా సమానమైన చిన్న నీడలు మాత్రం ఉన్నాయి. పైగా హాక్స్‌లీ పేరు ఎన్‌తో ముగియదు, దాని వెనుక 'అండ్ సన్స్' రాదు. ఇది డిక్సనే.

డిక్సన్ కంపెనీ షెఫీల్డులో డాన్ నది ఒడ్డున కార్నిష్ ప్లేస్ అనే కర్మాగారంలో నడిచింది. వెండిపూత సామాను, తగరం ప్రధానంగా ఉండే బ్రిటానియా లోహపు టీపాత్రలు వాళ్ళ అసలు వ్యాపారం. వేటగాళ్ళ సామాను దానికి తోడు. 'అండ్ సన్స్' అన్న పేరు 1830ల మధ్యనుంచి వాడుకలోకి వచ్చింది.

జూన్ 26

పేరు దొరికినా కొలతతో సరిచూడనిదే నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే పేరును నకలు చేయడం తేలిక. గొట్టం చుట్టూ 2¼, 2½, 2¾, 3 అని అంకెలు ఉన్నాయి. లోపలి గొట్టాన్ని తిప్పి ఏ అంకె దగ్గర నిలిపితే అంత మందు పడుతుంది. వాడే విధానం ఇది: గొట్టం మూతిని వేలితో మూసి, బుడ్డిని తలకిందులు చేసి, మీట నొక్కితే తలుపు తెరుచుకొని గొట్టం నిండుతుంది, మీట వదిలితే తలుపు మూసుకుంటుంది, బుడ్డిని నిలబెట్టి, వేలు తీసి, గొట్టంలోని మందును తుపాకి గొట్టంలో పోస్తారు. మూతి దగ్గర నిప్పు అంటుకున్నా బుడ్డిలోని మందుకు అది పాకకుండా తలుపు అడ్డుకుంటుందన్నది ఉద్దేశం.

ఆ అంకెలు ఇంగ్లీషు డ్రాములా, ఫ్రెంచి గ్రాములా అన్నది ప్రశ్న. డ్రాము అంటే ఔన్సులో 16వ వంతు, సుమారు 1.77 గ్రాములు. తుపాకిమందు ఒక మిల్లీలీటరు సుమారుగా ఒక గ్రాము తూగుతుంది. అందువల్ల గొట్టం పరిమాణం కొలిస్తే ఏ లెక్కో తేలుతుంది. నీళ్ళు పోస్తే తలుపు సందుల్లోంచి కారిపోతాయి, ఇసుక ఇత్తడిని గీరుతుంది. చివరకు మన రాగులే పనికివచ్చాయి: గుండ్రని, చిన్న, నున్నని గింజ, ఎక్కడా ఇరుక్కోకుండా జారుతుంది. ఒక్కొక్క అంకె దగ్గర పదేసి మార్లు నింపి, కొలజాడీలో పోసి, పదితో భాగించాను. 2¼ దగ్గర 4 మిల్లీలీటర్లు, 2½ దగ్గర 4.45, 2¾ దగ్గర 4.9, 3 దగ్గర 5.35 వచ్చింది. అంటే మెట్టు మెట్టుకూ సమానమైన పెరుగుదల, 3కూ 2¼కూ మధ్య నిష్పత్తి అంకెలు చెప్పినదే. గ్రాముల లెక్క అయితే 3 దగ్గర మూడు మిల్లీలీటర్ల చుట్టుపక్కల ఆగాలి. 3 డ్రాములంటే 5.3 గ్రాములు. లెక్క డ్రాములదే, అదీ అరిగిపోయిన ఇన్నేళ్ళ తర్వాత కూడా.

ఈ ఫలితం నకలు అనుమానాన్ని కూడా తీర్చింది. షోకేసు కోసం చేసే ఇత్తడి నకళ్ళకు అంకెలు ఉంటాయి గాని గొట్టం తిరగదు, తిరిగినా కొలత మారదు. ఎవరూ మందు పోయని వస్తువుకు కొలత ఎందుకు కుదురుస్తారు? 3 డ్రాములు 12 బోరు తుపాకికి సరిపోయే మోతాదు; కనుక ఇది పిస్తోలుది కాదు, భుజానికి ఆనించి పేల్చే వేట తుపాకిది.

జూలై 2

తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక నగల దుకాణంలో బంగారం క్యారెట్లు చూసే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం ఉంది. తెలిసినవారు కావడంతో బుడ్డిని కూడా అందులో పెట్టనిచ్చారు. ఆ యంత్రాన్ని బంగారం కోసం సరిదిద్ది ఉంచుతారు కాబట్టి అది చూపే శాతాలను నేను రాసుకోలేదు, ఏ లోహాలు ఉన్నాయన్నదే రాసుకున్నాను. ఒళ్ళు దాదాపు అంతా రాగి. మూత, గొట్టం రాగి, జింకు, కొద్దిగా సీసం కలిసిన ఇత్తడి. పక్కల అతుకులో తగరం, సీసం. ఉంగరాల్లో ఒకటి మూతతో సరిపోలే ఇత్తడి. రెండవది వేరే ఇత్తడి.

ఇంటికి వచ్చాక నోట్లు పరీక్షించే అతినీల దీపంతో బొమ్మ గుంటలను చూశాను. చింతపండు చేరని మూలల్లో, ఆకు ఈనెల పక్కన, గోధుమరంగు పొర ఒకటి మిగిలి ఉంది. దీపం కింద అది నారింజ రంగులో వెలిగింది. అది లక్క పూత. కర్మాగారం నుంచి బయటికి వచ్చేటప్పుడు రాగి నల్లబడకుండా సారాయిలో కరిగించిన లక్కను పూసేవారు. ఆ కాలంలో ప్రపంచానికి లక్క అమ్మిన ప్రధాన దేశం మనదే కావడంతో, ఇక్కడినుంచి పోయిన లక్కే షెఫీల్డులో ఈ బుడ్డి మీదికి ఎక్కి తిరిగి ఇక్కడికే చేరి ఉండవచ్చునన్న ఆలోచన వచ్చి కాసేపు పని మానేశాను.

జూలై 6

సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళి ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో తంజావూరు రాజమహలు నుంచి వచ్చిన ఆయుధాలను చూశాను. నా బుడ్డికి జోడు దొరుకుతుందని వెళ్ళలేదు. దక్షిణాది పనివాడు లోహం మీద వేట దృశ్యాన్ని ఎలా తీర్చాడో కంటితో చూడాలని వెళ్ళాను. పులి, ఏనుగు, యాళి, పరుగెత్తే జింక అన్నీ ప్రాణంతో, కదలికతో ఉన్నాయి. మన బుడ్డి మీద ఉన్న విధంగా చచ్చిన జంతువులను కాళ్ళు కట్టి వేలాడదీసి అలంకారంగా చూపే అలవాటు అక్కడ నాకు ఎక్కడా కనిపించలేదు.

జూలై 13

పెదనాయన తిరుపతి వచ్చారు. తేలినదంతా ఆయన ముందు పెట్టాను. తయారీ ఇంగ్లండు, షెఫీల్డు, జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్. పేరులోని 'సన్స్' వల్ల 1830ల మధ్యకు ముందుది కాదు. తూటాలతో వెనుకనుంచి నింపే తుపాకులు 1860ల తర్వాత వేటగాళ్ళలో వ్యాపించాక ఇటువంటి బుడ్ల అవసరం తగ్గిపోయింది. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టంవల్ల అమెరికాకు పోయే సరుకు మీద దేశం పేరు వేయవలసి రావడంతో ఇంగ్లీషు కంపెనీలు 'ఇంగ్లండ్' అని ముద్రించడం ఎక్కువైంది. దీని మీద ఆ మాట లేదు. ఈ చివరి ఆధారం బలహీనమైనదే, ఎందుకంటే మన దేశానికి పంపే సరుకుకు ఆ చట్టంతో పనిలేదు. అన్నీ కలిపి 1840–70 మధ్య అని నా తీర్పు.

హైదరాలీ మరణానికీ 'సన్స్' అన్న ముద్రకూ మధ్య ఏభై ఏళ్ళ దూరం ఉంది. పాలెగాళ్ళ తిరుగుబాటు అణగిన ముప్ఫై ఏళ్ళకు గాని ఈ పేరే పుట్టలేదు. పెదనాయన కొంతసేపు మూతను తిప్పి చూసి, "అట్లయితే మావాళ్ళకు ఎట్ల వచ్చినట్టు?" అన్నారు. అది సరైన ప్రశ్న. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అలాగే ఉంది. ఒకప్పుడు కంటోన్మెంటు కూడా. కలెక్టర్లు, జడ్జీలు, పటాలపు అధికారులు వేట తుపాకులు పెట్టుకొని తిరిగిన ఊరు. 1870ల దాకా మద్రాసులో ఓడరేవు లేదు, ఓడలు దూరంగా లంగరు వేస్తే మసూలా పడవల్లో సరుకు ఒడ్డుకు చేరేది. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు రైలు పడ్డాక అక్కడినుంచి చిత్తూరుకు బండి దారి దగ్గరే. బదిలీ అయి పోయే దొర ఇంటి సామాను వేలం వేయడం ఆనాటి మామూలు. ఈ ఇంటి పూర్వీకులు ఏ దారిన పొందారో బుడ్డి మీద రాసి లేదు కాబట్టి నివేదికలో అది రాయలేదు, ఆయనతో మాత్రం అన్నాను.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది జోడు తప్పిన రెండవ ఉంగరం. దళసరి ఇత్తడి తీగను రెండు చుట్లు తిప్పి, కొసను తాళిబొట్టు గొలుసు కొక్కెంలా పక్కకు మడిచి, బుడ్డి చెవిలో తగిలించారు. ఎక్కడా మాటు వేయలేదు, టంకం లేదు, నిప్పు చూపిన నలుపు లేదు. పక్క అతుకు తగరం, సీసంతో చేసినది కాబట్టి కొలిమి వేడి తగిలితే ఊడిపోతుంది; లోపల మందు ఉంటే అంతకంటే పెద్ద ప్రమాదం. ఈ మరమ్మత్తు చేసిన కంసాలికి రెండూ తెలిసినట్టే ఉంది. మీట కింది స్ప్రింగు కూడా అసలుది కాదు. గడియారపు స్ప్రింగు ముక్కను కోసి, అంచులు ఆకురాయితో రాసి, పాత రంధ్రానికి సరిపెట్టారు. ఆకురాయి గీతలు ఏటవాలుగా ఇప్పటికీ కనిపిస్తున్నాయి. రాగులతో కొలిచినప్పుడు తలుపు సరిగ్గా మూసుకున్నది ఆ ముక్క పుణ్యమే. దాన్ని తీసి షెఫీల్డు నమూనాలో కొత్తది వేద్దామని ఒక మిత్రుడు సూచించాడు, నేను ఒప్పుకోలేదు. కొత్తది వేస్తే బుడ్డి డిక్సన్ కేటలాగుకు దగ్గరవుతుంది గాని పాకాలకు దూరమవుతుంది.

జూలై 20

నమోదు కాగితం రాశాను. కొలతలు, బరువు, ఫోటోలు, అక్షరాల వరుస, డ్రాముల పట్టిక, లోహాల వివరం, లక్క పూత మిగిలిన చోట్లు అందులో ఉన్నాయి. తయారీ స్థలం, కాలం ఒక పేరాలో. స్థానిక మరమ్మతులు విడిగా మరో పేరాలో. ఇంటి కథను కూడా 'కుటుంబం చెప్పినది' అన్న శీర్షిక కింద పెదనాయన మాటల్లోనే రాసి, కాలం సరిపోదని పక్కన గుర్తు పెట్టాను. దాన్ని తీసివేయమని ఆయనా అడగలేదు, నేనూ అనుకోలేదు.

అమెరికాలో ఉండే ఆయన మనవడు దీన్ని వెంట తీసుకుపోతానని అంటున్నాడట. నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. ఇంగ్లండులో తయారైంది కదా, మనది కాదు కదా అన్న వాదన కస్టమ్స్ దగ్గర చెల్లుతుందని ఆశ పెట్టుకోవద్దని చెప్పాను.

ఇక చింతపండు వద్దని ఇంట్లో అందరికీ చెప్పవలసి వచ్చింది. ఆయుధపూజకు గంధం, కుంకుమ కూడా లోహం మీద కాకుండా కింద పరిచిన గుడ్డ మీద పెట్టుకోమన్నాను. చేత్తో పట్టుకుంటే చెమటలోని ఉప్పు రాగిని తింటుంది కనుక మెత్తని నూలు గుడ్డతో పట్టుకోవాలి. పచ్చగా చిలుము కనిపిస్తే గీకకుండా నాకు కబురు చేయాలి. వార్తాపత్రికలోను, రబ్బరు బ్యాండుతోను చుట్టవద్దు; ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలు సంచిలో పెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా పొట్లాలతో ఉంచాలి. అక్టోబరులో ఈశాన్య వానలు మొదలయ్యేలోగా ఆ పొట్లాలను ఒకసారి ఎండబెట్టి మార్చాలి.

మూతను మళ్ళీ బిగించేటప్పుడు నాలుగు మరలనూ వాటివాటి రంధ్రాల్లోనే వేశాను. చేత్తో కోసినవి కావడంవల్ల ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. ఏ మర ఏ రంధ్రానిదో చూపే బొమ్మను నమోదు కాగితం వెనుక గీశాను.